పెట్టెకు కుంకుమబొట్టు

ఆ రోజుల్లో యంత్రాల మీద మాకు భక్తి ఎక్కువ, అవగాహన తక్కువ. ఇప్పుడు అవగాహన పెరిగిందని కాదు, భక్తి తగ్గింది, అంతే. టీవీ మొరాయిస్తే నెత్తిన ఒక్కటి చరిచేవాళ్ళం, బ్యాటరీలు నీరసపడితే తీసి ఎండలో పెట్టేవాళ్ళం, బండి స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి కాసేపు బతిమాలేవాళ్ళం. చాలాసార్లు అవి మాట వినేవి కూడా. ఆ ధైర్యంతోనే కాబోలు, నాకు లొంగని యంత్రం ఇంకా పుట్టలేదని నమ్ముతూ, కంప్యూటర్ డిప్లొమా చేతబట్టుకుని మా మామ ఫోటో స్టూడియోలో పనికి చేరాను. (డిప్లొమా మా ఊళ్ళోని లాస్‌పేటలో ఇచ్చారు. నమ్మకం నా సొంతం.)

స్టూడియో ఉప్పళంలో, రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి ఎవరింట్లోకో దూరాల్సినంత సందులో. కింద అంగడి, పైన ఇల్లు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, ఫిల్ము కాలపు మనిషి. చీకటిగదిలో మందునీళ్ళలో చేతులు నానబెట్టి మనుషుల మొహాలు తేల్చినవాడు. నేను పోరగా పోరగా డిజిటల్ కెమెరా కొన్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళ ఫోటోలతో మా కంప్యూటర్ పొట్ట నిండిపోయి నడవలేని స్థితికి వస్తే, మళ్ళీ నేనే పోరి ఒక నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బా కొనిపించాను. అందులో రెండు డిస్కులు. కేబుల్ తగిలిస్తే అంగట్లోని కంప్యూటర్లన్నీ దాన్లోంచే ఫోటోలు తీసుకుని దాన్లోనే దాచుకునేవి. ఒక డిస్కులో రాసింది రెండో దాన్లోనూ ఉంటుంది, ఒకటి పోయినా ఇంకొకటి బతికే ఉంటుందని చెప్పాను. దాంతో ఇక ఈ లోకంలో పోవడమనేదే లేదని మామ తీర్మానించుకున్నాడు. దానికి ‘పెట్టె’ అని పేరు పెట్టి, వచ్చినవాళ్ళకల్లా దాని నెత్తి నిమిరి చూపించేవాడు. “మీ పెండ్లి యాడికీ పోదు. ఇందులోనే ఉండాది.”

ఆ పెట్టెలో చేరిన తొలి పెద్ద పని రెడ్డియార్‌పాళయం పెద్దమ్మ గారింటి షష్టిపూర్తి. (మాకు చుట్టరికం లేదు. ఆమె అందరికీ పెద్దమ్మే.) భూములూ వడ్ల వ్యాపారమూ ఉన్న ఇల్లు. ఆమె భర్త, అంటే పెద్దనాయన, ఊళ్ళో పేరుమోసిన గంభీరమూర్తి. కెమెరా చూస్తే మొహం అప్పులవాణ్ణి చూసినట్టు పెట్టేవాడు. మార్గశిరంలో, ఇంకా మంచు వదలని పొద్దున, దంపతులిద్దర్నీ పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి కలశాల నీళ్ళు తలల మీద పోశారు. ఆ క్షణంలో మామ నొక్కిన ఫోటోను నేను కెమెరా వెనకున్న అగ్గిపెట్టెంత తెర మీద పెద్దమ్మకు చూపించాను. తడిచీరతో వణుకుతూనే ఆమె తెర మీదికి వంగింది. “ఓయమ్మా, నవ్వినాడే! పాపా, ఈయన నవ్వినాడు చూడు!” అని అక్కడున్న ఆడవాళ్ళందర్నీ పిలిచి చూపించింది. ఆల్బంలో ఏ ఏ ఫోటోలు వేయాలో ఇంటివాళ్ళు ఏరి చెప్పాలి. పెద్దనాయన “తొందరేముండాది” అంటూ నెలలు జరిపాడు. అలా ఆ ఇంటి ఫోటోలన్నీ కాగితం మీదికి ఎక్కకుండా పెట్టెలోనే ఉండిపోయాయి. కెమెరా కార్డు తుడిచేసి ఎప్పుడో వేరే పెళ్ళికి వాడేశాం.

ఆయుధపూజ ముందురోజు పెద్దమ్మ ఫోను చేసింది. పెద్దనాయన పోయిన సంగతి మాకు అప్పటికే తెలుసు, మామ వెళ్ళి దండ వేసి వచ్చాడు. “పాపా, పదహారో రోజు కర్మకు ఫోటో పెట్టల్ల. నా కొడుకు ఓటరు కార్డులో ఫోటోని పెద్దది చేపిస్తానంటాడు. అది దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టుండాది. నాకు ఆ నవ్విండే ఫోటో కావాలమ్మా. అదొకటి వేసిస్తావా?” నేను అప్పటికప్పుడు కూర్చుంటే అరగంట పని. కానీ అంగడంతా కడగడానికి సామాను బయటపెట్టి ఉంది, ప్రింటరు గుడ్డ కప్పుకుని మూలనుంది. “రేపు పూజ పెద్దమ్మా, మిషన్లు ముట్టుకోం. ఎల్లుండి పొద్దున మొదటి పని మీదే” అన్నాను. ‘ఎల్లుండి’ అన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

ఇక పూజ రోజు. మా ఊళ్ళో ఆయుధపూజ అంటే ఆషామాషీ కాదు. సైకిలు మొదలు బస్సు దాకా స్నానం చేసి, చందనం పూసుకుని, అరటిపిలకలు కట్టుకుని పెళ్ళికొడుకుల్లా నిలబడతాయి. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి విజయదశమి పూజ అయ్యేదాకా ఎవరూ కదిలించరు. ఇవాళ పెట్టెతో ఎవరికీ పని లేదు కదా అని నా బుర్రకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆ పెట్టెను లోపలినుంచి నడిపించే ప్రోగ్రాముకు, దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు, కొత్త వెర్షన్ వచ్చిందని కంపెనీ సైటులో చూసి ఉన్నాను. పాతదానికి ఏ రోగమూ లేదు. అయినా కొత్తది వచ్చిందని తెలిశాక పాతదానితో ఉండటం నా డిప్లొమాకు అవమానం. అప్‌డేట్ నొక్కాను. మధ్యలో కరెంటు ఆపితే పెట్టె పనికిరాకుండా పోతుందని తెర మీద ఎర్రక్షరాల్లో వచ్చింది. నేను బాధ్యత గల మనిషిని కాబట్టి ఒక చీటీ మీద “అప్‌డేట్ జరుగుతున్నది. దయచేసి ఆపవద్దు” అని గుండ్రంగా రాసి పెట్టె ముందు నిలబెట్టి, మామ మోపెడ్‌కు అరటిపిలకలు కట్టడానికి వీధిలోకి పోయాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అరవదేశంలో స్థిరపడ్డ మా ఇళ్ళల్లో తెలుగు నోటికి సంబంధించిన విషయం. తరాలుగా మాట్లాడతాం, పోట్లాడతాం, లాలిపాటలు పాడతాం, రాయాల్సి వస్తే మాత్రం అరవంలో రాస్తాం. తెలుగు అక్షరాలు ఇంట్లో ఒక్కచోటే ఉండేవి, దేవుడి గూట్లో ఎప్పటిదో ఒక స్తోత్రాల పుస్తకం. దాన్ని చదవగలిగినవాళ్ళు లేరు గానీ శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమ మాత్రం పడేది. నేను ఆ ఏడే సాయంత్రాలు నేర్పే క్లాసుకు పోయి అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని ఊరుకోవచ్చు కదా, స్విచ్ బోర్డు మీద ‘లైటు’ అనీ, డ్రాయరు మీద ‘కత్తెర’ అనీ అంగడంతా తెలుగు రాసి అంటించాను. “మన అంగడి దేవుడి గది మాదిరుండాది” అని మామ నవ్వేవాడు.

గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాక లోపలికి వచ్చి చూశాను. సరస్వతి పటం ముందు పసుపుగుడ్డ మీద కెమెరా, దాని పక్కన ఫ్లాష్ లైట్లు, వాటి పక్కన కత్తెర, వాటన్నిటి మధ్యలో ఎత్తుపీట మీద నా పెట్టె! నాలుగు పక్కలా చందనం, నుదుటన కుంకుమ, నెత్తిన చామంతి. వైరు వెనక్కి చక్కగా చుట్టి ఉంది. నా చీటీ దాని నెత్తినే అంటించి ఉంది, నాలుగు మూలలా కుంకుమబొట్లతో. మామ భార్య, మా అత్త, హారతి వెలిగిస్తోంది.

“అత్తా! దీన్ని ఆఫ్ చేసినావా?”

“ఆఫ్ చేయకుండా బొట్టు పెడితే షాక్ కొట్టదా?”

“ఎందుకు ముట్టుకున్నావు దాన్ని!”

“ఏందే అట్ల అరస్తావు? కెమెరాకి పెడితిమి, కత్తెరకి పెడితిమి. ఇది, పావం, ఏడాదంతా కన్ను మూయకుండా మినుకుమినుకుమంటా ఉండాది. ఈ పొద్దన్నా దానికి ఓయ్వు వద్దా?” (ఓయ్వు అంటే విశ్రాంతి. అరవంలోంచి వచ్చి మా ఇంట్లోనే స్థిరపడిపోయిన మాట.)

“మరి ఈ చీటీ చూడలేదా?”

“చూడకనా? చూసి కండ్లకద్దుకొని, బొట్టు పెట్టి అంటించినాను. నువ్వు ఏందో స్తోత్రం రాసిపెట్టిండావనుకుంటిని.”

ఆ సాయంత్రం అందరూ బొరుగులూ గుగ్గిళ్ళూ తింటుంటే నేను చామంతి పెట్టుకున్న పెట్టెను చూస్తూ కూర్చున్నాను. కదిలించడానికి వీల్లేదు, అత్త శాసనం. తెల్లారి పూజ అయిందో లేదో వైరు తగిలించాను. ఎప్పుడూ పచ్చగా వెలిగే దీపం నారింజరంగులో కొట్టుకోవడం మొదలుపెట్టింది. కొట్టుకుంటూనే ఉంది. ఏ కంప్యూటరుకూ పెట్టె కనిపించలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపును కోపంగా మార్చుకోవడం ఆ వయసులో నాకు బాగా చేతనయ్యేది. “నాలుగక్షరాలు చదవడం రానివాళ్ళు మిషన్ల మీద చేతులు వేస్తే ఇట్లే ఉంటుంది” అన్నాను.

అత్త చేతిలోని హారతి పళ్ళెం కింద పెట్టింది. తర్వాత మెల్లిగా అంది. “ఆమా, నిజమే, నాకు రాదు. నీకు రెండూ వొస్తాయి కదా. నాకు తెలిసే అరవంలో రాసిండొచ్చు కదమ్మా?”

ఆ మాట నిజమే. నిజమైనందుకు ఇంకా కోపం వచ్చింది. ‘చదవడం రానివాళ్ళు’ అన్నందుకు సిగ్గుపడటానికి నాకు ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

పెద్దమ్మ ఫోను చేస్తూనే ఉంది. మామకు అబద్ధం నోట పలకదు, రిసీవరు నా చేతికిచ్చి పక్కకు పోయేవాడు. “మిషన్ కొంచెం రిపేరు పెద్దమ్మా, రేపటికి అయిపోతుంది” అనేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే పాట. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. “పర్వాలే కణ్ణా, మెల్లిగా చెయ్యి. ఇంక ఆయన యాడికి పోతాడు?” అనేది. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

నేనేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. పెట్టె అమ్మినవాణ్ణి అడిగితే కంపెనీకి పంపమన్నాడు, పంపితే డిస్కులు తుడిచి కొత్తవాటిలా చేసి పంపుతారని కూడా చల్లగా చెప్పాడు. సరేనని ఒక డిస్కును ఊడదీసి మా కంప్యూటరుకు తగిలించాను. అది ఆ డిస్కు భాష అర్థం కాక, “ఇది ఫార్మాట్ చేసి లేదు. ఇప్పుడు చేయమంటారా?” అని అడిగింది. మామ నా భుజం మీదుగా చూస్తూ “అవునంటే ఏమౌతాది?” అన్నాడు. “అంతా తుడిచిపెట్టుకుపోతుంది” అన్నాను. “అయితే అవుననేది ముందర ఎందుకు పెట్టినారు?” అన్నాడు. ఆ ప్రశ్నకు కంప్యూటర్ శాస్త్రం ఇంతవరకు సమాధానం చెప్పలేదు. ఆ డిస్కును రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు తిరిగి పెట్టెలో పెట్టాను.

ఈలోగా పదహారో రోజు రానే వచ్చింది. ఓటరు కార్డు ఫోటో పెట్టడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదట. పటం ఉండాల్సిన చోట పీట మీద ఆయన తుండుగుడ్డా కళ్ళజోడూ పెట్టి దండ వేశారట. కర్మకు వెళ్ళొచ్చిన మామ అన్నం వద్దన్నాడు. “ఏమన్నా అన్నారా మామా?” అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. “ఏమీ అనలే పాపా. అనుంటే బాగుండు.” ఆ కళ్ళజోడు నేను చూడలేదు, అయినా చాలా రోజులు కళ్ళ ముందే ఉంది.

గడువు దాటిపోయింది కదా అని ఊరుకోలేకపోయాం. ఇంటర్నెట్‌లో వెతగ్గా వెతగ్గా, ఆ నారింజ దీపం ముందు కూర్చుని ఏడ్చేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారని తెలిసింది. అదొక ఓదార్పు. వాళ్ళల్లో ఎవరో మహానుభావుడు మార్గం రాసిపెట్టాడు. పెట్టెను ఆన్ చేసిన వెంటనే, అది పూర్తిగా మేలుకోకముందు, ఒక్క క్షణం తనకేమైనా పంపుతున్నారేమోనని కేబుల్‌కేసి చెవి పెట్టి వింటుందట. సరిగ్గా అప్పుడే కంప్యూటర్లోంచి ఫర్మ్‌వేర్‌ను దాని చెవిలో వేయాలి. అదే సమయంలో వెనకున్న సన్నటి బెజ్జంలో సూదిలాంటిది గుచ్చి నొక్కిపట్టాలి. తీరా చూస్తే ఆ బెజ్జంలో అత్త భక్తిశ్రద్ధలతో పూసిన చందనం ఎండి రాయిలా అయి ఉంది. అత్త తన గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, చెవి గుబిలి తీసినంత సుతారంగా దాన్ని తవ్వి శుభ్రం చేసింది.

నేను పిన్నీసు గుచ్చిపట్టి, రెండో చేత్తో కీబోర్డు నొక్కాలి. మామ స్విచ్ వేయాలి. “రెడీ” అంటాడు, ఊపిరి బిగబడతాడు, కానీ స్విచ్ పడదు. జీవితమంతా ఎదుటివాళ్ళ మొహంలో కళ వచ్చేదాకా ఆగి నొక్కిన వేలు అది, ఉన్నట్టుండి నొక్కమంటే నొక్కుతుందా? మేమిద్దరం ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఎన్నిసార్లు తప్పామో. చివరికి అత్త కొంగు దోపుకుని వచ్చింది. “జరుగు నువ్వు. ముహూర్తం చూసుకొని నువ్వు నొక్కేలోపల అది మళ్ళీ నిద్రపోతాది” అని మామను పక్కకు నెట్టి స్విచ్ దగ్గర కూర్చుంది. నేను తల ఊపానో లేదో టక్కున వేసింది. తెర మీద గీత కదిలింది. ముగ్గురం దాన్ని చూస్తూ, ఫ్యాను కూడా వేసుకోకుండా, కదలకుండా కూర్చున్నాం. పెట్టె తనంతట తాను ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగి, దీపం పచ్చగా నిలబడింది. అత్త పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని, “ఇప్పుడన్నా ఆమెకు ఫోటో తియ్యి” అంది.

తీశాను. పెళ్ళిళ్ళూ బారసాలలూ అన్నీ భద్రంగా ఉన్నాయి, పెద్దనాయన నవ్వు కూడా. దాన్ని పెద్ద తెర మీద నిండుగా తెరిచాను. తెరిచి, కుర్చీ ముందుకు లాక్కుని మళ్ళీ చూశాను. మామ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వంగాడు. అగ్గిపెట్టెంత తెర మీద నవ్వులా కనిపించింది ఇక్కడ నవ్వులా లేదు. పళ్ళు బిగబట్టి ఉన్నాయి, కళ్ళు సగం మూసుకున్నాయి, మెడ భుజాల్లోకి దిగిపోయింది. పక్కనే పెద్దమ్మ మాత్రం నీళ్ళ మధ్యలోంచి ఆయన్ని చూస్తూ హాయిగా నవ్వుతోంది.

“నవ్వలేదు పాపా” అన్నాడు మామ. “చలి.”

ఇంత పాటుపడి తీసుకొచ్చింది ఇదా అని ఇద్దరం దిగాలుగా కూర్చున్నాం. కానీ నేను ఊరుకునే రకమా? పెదవుల కొసలు కాస్త పైకి లాగాను. కళ్ళు వేరే ఫోటోలోంచి తెచ్చి అతికాను. మెడ సాగదీశాను, పళ్ళకు తెలుపు అద్దాను. మామ అవుననలేదు, కాదనలేదు. “ఆమె ఆ నవ్వును పట్టుకొనే ఇన్నాళ్ళూ ఉండాది. నీకు తోచింది చెయ్యి. ఆ ఉండేది కూడా ఒకటి వేసి పెట్టు” అన్నాడు. రెండూ వేశాను.

మామ మోపెడ్ మీద రెడ్డియార్‌పాళయం వెళ్ళాం. పెద్దమ్మ బాగా చిక్కిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. నేను దిద్దిన ఫోటోనే ముందు ఇచ్చాను, పరీక్షలో మార్కులకు ఎదురుచూసినట్టు ఆమె మొహంలోకి చూస్తూ. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి, నా వంక చూసింది.

“ఎవురమ్మా ఇది?”

మామ కవర్లోంచి రెండోది తీసి ఇచ్చాడు. చూసీ చూడగానే ఆమె మొహం విప్పారింది.

“ఇదో, ఈయన!”

“పెద్దమ్మా, అందులో ఆయన నవ్వడం లేదు...” అని నసిగాను.

“ఇంత పెద్దదిగా చూస్తే నాకు తెలీదా? చన్నీళ్ళు పడినాయి కదా నెత్తిన. పెండ్లైనకాడ్నుంచి ఈయన చన్నీళ్ళు పోసుకున్నోడు కాదు. ఎండాకాలంలో కూడా ఉడుకునీళ్ళు కాగబెట్టల్ల. రవ్వంత ఆరితే చాలు, ఈ మొకమే పెట్టి ‘ఏమే!’ అని అరస్తాడు.” అంటూనే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. వేలితో ఆయన మొహాన్ని తడిమింది. “ఆ పొద్దు బిందెల్లో రెండు చెంబులు ఉడుకునీళ్ళు కలపమని అయ్యోరికి చెప్పల్లనుకొని, చుట్టాల్లో పడి మరిచిపోతిని. అంతమంది ముందర అరవలేక నా పక్క చూసినాడు చూడు. నేనేమో నవ్వినాడనుకొంటిని. అనుకొని, నేనూ నవ్వితిని.”

మామ తల దించుకున్నాడు. నేను దిద్దిన ఫోటోను తిరిగి కవర్లో పెట్టేశాను. ఆమె కాసేపటికి తేరుకుని, ఆ ఫోటోకే ఫ్రేము కట్టించమంది, దాన్నే హాల్లో పెట్టించింది. వచ్చినవాళ్ళు “ఈ మొకంతో ఎందుకు పెట్టినారు?” అని అడిగితే “నీళ్ళు ఆరిపోయినాయి” అని చెప్పి లోపలికి పోయేదట.

దిద్దిన ఫోటో నా దగ్గరే ఉండిపోయింది. మొన్న ఏదో వెతుకుతుంటే బయటపడింది. మెడ నిటారుగా ఉంది, కళ్ళు చక్కగా తెరిచి ఉన్నాయి, పళ్ళు ముత్యాల్లా మెరుస్తున్నాయి. అతుకు ఎక్కడ పడిందో నాకే కనిపించలేదు. పాపం ఆ డిప్లొమా పిల్ల, ఎంత శ్రద్ధగా చేసిందో అని నవ్వొచ్చింది. అందులో నవ్వుతున్న పెద్దమనిషి ఎవరో మాత్రం ఇప్పటికీ తెలియదు.